నమ్మకం పోయినవాళ్లు ఓటేయకుండా ఇంట్లో కూర్చుంటే తప్పేంటి?

బత్తాయి తోట (నల్లగొండ జిల్లా):

అందరికీ నమస్కారం. మొన్న సర్పంచ్ ఎన్నికల్లో నేను ఓటేయలేదు. ఆ రోజు ఊళ్లోనే ఉన్నా. బూత్ మా ఇంటికి కూతవేటు దూరం. అయినా పోలేదు. రేపు జెడ్పీటీసీ, ఎంపీటీసీ ఎన్నికలు వచ్చినా పోను. బద్ధకంతో కాదు, బాగా ఆలోచించే మానుకున్నా. ఇంట్లో వాళ్లే తప్పు పడుతున్నారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నా.

ఓటు హక్కు వచ్చినప్పటి నుంచి మొన్నటిదాకా ఒక్క ఎన్నిక వదల్లేదు. అన్ని గుర్తులకూ వేసి చూశా. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు సొరంగంలో మన జిల్లాకు వాటంతట అవే పారి వస్తాయని నా పెళ్లి కాకముందు నుంచీ వింటున్నా. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం. ప్రతి ఎన్నికలో దాని పేరు చెప్పి ఓట్లు అడిగారు. చివరికి 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర అది కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. పొట్టకూటి కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. నీళ్లు మాత్రం ఇప్పటికీ రాలేదు.

నా భూమి ఇంకో రిజర్వాయర్ కింద పోయింది. పరిహారం కోసం టెంట్ వేసుకుని కూర్చుంటే అన్ని పార్టీల వాళ్లూ వచ్చి మా పక్కన కూర్చుని ఫొటోలు దిగారు. గెలిచాక ఒక్కరూ ఫోన్ ఎత్తలేదు. ఇంత జరిగాక కూడా లైన్లో నిలబడి వేలికి సిరా పూయించుకుంటే ఈ పద్ధతికి నేను ఒప్పుకున్నట్టే. తప్పయితే ఎందుకు తప్పో చెప్పండి. హక్కు, బాధ్యత అని బడిలో చెప్పిన మాటలు మాత్రం వద్దు.

కోదాడ పోరడు:

అన్నా, 2018లో మా కోదాడలో ఎమ్మెల్యే గెలిచింది 756 ఓట్ల తేడాతో. నీలాగా ఇంట్లో కూర్చున్నోళ్లు ఓ వెయ్యి మంది వచ్చి ఉంటే ఫలితం మారేది. ఇంతకన్నా ఏం చెప్పాలి?

బత్తాయి తోట:

తమ్మీ, ఆ వెయ్యి మంది వస్తే ఇంకొకరు గెలిచేవారు. అంతే కదా. ఎవరు గెలిచినా నా బతుకులో తేడా లేదన్నదే నా బాధ. దానికి 756 జవాబు ఎట్లా అవుతుంది?

నాగర్‌కర్నూల్ వాసి:

ఓటేయనోడికి ప్రశ్నించే హక్కు లేదు.

బత్తాయి తోట:

ఏ చట్టంలో ఉంది ఆ మాట? ఉప్పు కొన్నా, డీజిల్ పోయించుకున్నా పన్ను కడుతున్నా. భూమి ఇచ్చినవాడిని. నాకు లేని హక్కు ఎవరికుంది?

పాత ప్రిసైడింగ్ ఆఫీసర్ (సూర్యాపేట):

బత్తాయి తోట గారూ, మీ బాధ అర్థమవుతోంది. నేను ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నంత కాలం ఎన్నికల డ్యూటీలు చేశాను. బూత్ లోపలి సంగతి తెలుసు కాబట్టి రెండు విషయాలు చెప్తాను.

మీరు రాకపోవడాన్ని అక్కడ ఎవరూ నిరసనగా లెక్కపెట్టరు. సాయంత్రం పోలింగ్ ముగిశాక నేను నింపే లెక్కలో ఎంతమంది ఓటు వేశారన్నదే ఉంటుంది. మిగిలినవాళ్లలో చనిపోయినవాళ్లు, హైదరాబాద్ పోయినవాళ్లు, జ్వరంతో పడుకున్నవాళ్లు, మీలాగా కోపంతో కూర్చున్నవాళ్లు, అందరూ ఒకటే. మన చట్టంలో కనీసం ఇంత శాతం పోలింగ్ జరగాలన్న నియమం కూడా లేదు. పది మంది వేసినా ఆరుగురు వేసినవాడే గెలుస్తాడు.

కోపం నమోదు కావాలంటే నోటా ఉంది, అంటే పోటీలో ఉన్న ఎవరికీ వేయనని చెప్పే బటన్. అంతకుముందు 49ఓ అని ఒక నియమం ఉండేది. ఓటేయనని ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు చెప్పి, 17ఏ రిజిస్టర్లో రాయించి, సంతకం పెట్టాలి. ఏజెంట్ల ముందే ఆ పని చేయాలంటే పల్లెలో ఎవరికి ధైర్యం? అందుకే సుప్రీంకోర్టు 2013 సెప్టెంబర్ 27న తీర్పు ఇచ్చి మిషన్ మీదే ఆ బటన్ పెట్టించింది. మీ కోపం ఎవరికీ తెలియకుండా, లెక్కలోకి మాత్రం వస్తుంది.

బత్తాయి తోట:

సార్, మీరు పెద్దవారు. నోటా మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. నోటాకు అందరికన్నా ఎక్కువ ఓట్లు వస్తే ఏమవుతుంది? రెండో స్థానంలో ఉన్న మనిషి గెలుస్తాడు. డిపాజిట్ లెక్కలో కూడా నోటాను చెల్లిన ఓటుగా చూడరు. 2024లో ఇండోర్‌లో 2 లక్షలకు పైగా నోటాకు వేశారు. ఏం ఆగింది? అదే ఏడాది సూరత్‌లో కాంగ్రెస్ నామినేషన్ చెల్లదని, మిగతావాళ్లు తప్పుకుని ఒక్కడే మిగిలితే అసలు పోలింగే జరపలేదు. నోటా నొక్కుదామనుకున్నవాడు ఎక్కడ నొక్కాలి?

నా కోపాన్ని లెక్కపెట్టి పక్కన పెట్టేస్తారు. దానికోసం లైన్లో నిలబడాలా?

కోదాడ పోరడు:

సరే, 756 వద్దు. మహబూబ్‌నగర్ ఎంపీ సీటు చూడు. 2024లో డీకే అరుణ గెలిచింది 4,500 ఓట్లతో. ఏడు అసెంబ్లీ సీట్లు కలిపితే 4,500! ఒక్క మండలం బద్ధకిస్తే చాలు.

బత్తాయి తోట:

అదే 2024లో మన నల్లగొండలో మెజారిటీ 5 లక్షల 59 వేలు దాటింది. నా ఓటు అందులో ఎక్కడ?

కోదాడ పోరడు:

ముందే తెలుస్తదా ఎంత తేడా వస్తదో? ఓట్లు పడ్డాక కదా తెలిసేది.

పుణే పాలమూరు:

నాది నారాయణపేట దిక్కు. పుణేలో సెంట్రింగ్ పని. ఈ ముచ్చట చదువుతుంటే కడుపు మండుతోంది.

ఎన్నికలొస్తే మా దగ్గరికి గుంపు మేస్త్రీ వస్తాడు. ఏ ఊరోళ్లు ఎంతమంది ఉన్నారో రాసుకుంటాడు. పార్టీ వాళ్లు బస్సు పెడతారు, దారిలో తిండి పెడతారు. పోయినసారి అట్లాగే పోయా. రాత్రంతా ప్రయాణం చేసి, పొద్దున స్నానం చేసి, బూత్‌కు పోతే జాబితాలో పేరు లేదు. మా అమ్మ పేరుంది, చనిపోయిన నాయిన పేరుంది, నాదీ నా భార్యదీ లేవు. ఊరు విడిచి పోయారని ఎవరో రాసిచ్చారంట. ఎవరు రాసిచ్చారని అడిగితే జవాబు చెప్పేవాడు లేడు. బస్సులో తీసుకొచ్చినోడు, పేరు లేదనగానే తిరుగు ప్రయాణం మీరే చూసుకోండి అన్నాడు.

నేను బడి అరుగు మీద కూర్చుని ఏడ్చా. మీరేమో ఉన్న ఓటు వద్దంటున్నారు.

పాత ప్రిసైడింగ్ ఆఫీసర్:

తమ్ముడూ, 2018లో రాష్ట్రమంతా ఇదే గోల. పేర్లు గల్లంతైనందుకు అప్పటి ఎన్నికల ప్రధానాధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఓటరు కార్డు జేబులో ఉంటే చాలదు, జాబితాలో పేరుండాలి. ముసాయిదా జాబితా పెట్టినప్పుడే చూసుకోవాలి. పేరు లేకపోతే ఫారం 6 ఇవ్వాలి. పేరు తీసేయమని ఎవరైనా ఇచ్చేది ఫారం 7. దాని మీద విచారణ జరగాలి, నీకు నోటీసు రావాలి.

అయితే చట్టం ప్రకారం మనిషి మామూలుగా ఎక్కడ ఉంటే అక్కడే ఓటు నమోదు చేసుకోవాలి. నువ్వు ఏడాదిలో ఎక్కువ కాలం పుణేలో ఉంటున్నావు కాబట్టి...

పుణే పాలమూరు:

సార్, పుణేలో నేను కట్టే బిల్డింగ్ కిందనే రేకుల షెడ్డు వేసుకుని ఉంటా. బిల్డింగ్ అయిపోతే షెడ్డు లేస్తది. ఏ అడ్రస్ రాయాలి? నాకు ఇల్లు, రేషన్ కార్డు, తల్లి ఉన్నది మా ఊళ్లో. నోటీసు పాత ఇంటికి పంపితే చదువురాని మా అమ్మ ఏం చేస్తది? మీరు చట్టం చెప్తున్నారు, నేను నా బతుకు చెప్తున్నా.

పాత ప్రిసైడింగ్ ఆఫీసర్:

చట్టంలో ఉన్నది చెప్పాను. తాత్కాలికంగా బయటికి పోయినంత మాత్రాన సొంతూరి ఓటు పోదని కూడా అదే చట్టంలో ఉంది. ఆ సంగతే చెప్పబోయాను, నువ్వు వినలేదు.

అమ్రాబాద్:

మా నల్లమల ఊళ్లల్లో ఒకప్పుడు ఎన్నికలు బహిష్కరించాలని గోడల మీద రాసేవాళ్లు. ఓటేస్తే అన్నలు (నక్సలైట్లు) అడిగేవాళ్లు, వేయకపోతే పోలీసులు అడిగేవాళ్లు. వేలికి సిరా ఉంటే ఒక భయం, లేకపోతే ఇంకో భయం. మీరు మీ ఇష్టంతో మానేశానంటున్నారు. ఆ ఇష్టం మాకు ఉండేది కాదు.

పాత ప్రిసైడింగ్ ఆఫీసర్:

అమ్రాబాద్ గారు మంచి మాట గుర్తు చేశారు. నల్లగొండ వాళ్లు ఇంకా వెనక్కి చూడాలి. తెలంగాణ సాయుధ పోరాటం విరమించింది 1951 అక్టోబర్‌లో. కొద్ది నెలలకే మొదటి సాధారణ ఎన్నికలు. నిన్నటిదాకా అడవుల్లో తుపాకీ పట్టుకుని, తమ్ముళ్లనీ కొడుకులనీ పోగొట్టుకున్న జనం. వాళ్లకన్నా నమ్మకం పోవాల్సినవాళ్లు ఎవరున్నారు? వాళ్లు పోయి ఓట్లేశారు. ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. దేశం మొత్తం నల్లగొండ వైపు చూసింది.

1996 సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఫ్లోరైడ్ నీళ్లతో విసిగిపోయి జల సాధన సమితి వాళ్లు లోక్‌సభకు వందల నామినేషన్లు వేయించారు. 480 మంది పోటీలో నిలిచారు. 477 మందికి డిపాజిట్ దక్కలేదు, సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. అయినా అంతవరకూ మన నీళ్ల గురించి ఎవరికీ పట్టలేదు, ఆ 480 పేర్లు చూశాకే ఢిల్లీలో మాట్లాడుకున్నారు. వాళ్లు ఎన్నికను బహిష్కరించలేదు. ఎన్నికలోకే దిగారు.

నేను ఒకసారి మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ ఊళ్లో డ్యూటీ చేశాను. ఒక ముసలమ్మ వచ్చింది. నడుము వంగిపోయింది, మెడ పైకి లేవదు. కంపార్ట్‌మెంట్ దగ్గర నిలబడితే ఆమె కళ్లకు బల్ల అంచు తప్ప బ్యాలెట్ యూనిట్ కనబడట్లేదు. అట్లాంటివాళ్లకు తోడుగా ఒకరిని పంపొచ్చు, దానికి ఫారం ఉంది. మనవడిని పంపిస్తానంటే ఆమె వద్దంది. కుర్చీ వేయించమంది. కుర్చీలో కూర్చుని, వంకర తిరిగిన వేలితో తానే నొక్కింది. ఆమె కన్నా మీకు ఎక్కువ అన్యాయం జరిగిందా?

బత్తాయి తోట:

సార్, ఆ ముసలమ్మకు దండం పెడతా. ఆమెను చూపించి నా నోరు మూయించొద్దు.

1996 సంగతి సగమే చెప్పారు. మిగతా సగం నేను చెప్తా. ఆ ఎన్నిక తర్వాత వాళ్లు చేసిన మొదటి పని ఏంటి? లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000కు పెంచారు. ఇండిపెండెంట్‌కు ప్రతిపాదించేవాళ్లు పది మంది ఉండాలన్నారు. ఇప్పుడు ఆ డిపాజిట్ 25,000. పేదోడు బ్యాలెట్ ద్వారా అరిస్తే ఆ దారి మూసేశారు. నీళ్లకన్నా ముందు డిపాజిట్ పెంపు వచ్చింది. లోపలికి వెళ్లి అడగమంటున్నారు మీరు. వెళ్లినవాళ్లకు ఏం జరిగిందో మీరు చెప్పిన కథలోనే ఉంది.

చిట్యాల యూత్:

కరెక్ట్ పాయింట్.

బత్తాయి తోట:

ఇంకో మాట. ఎక్కువ మంది ఓటేస్తే ప్రజాస్వామ్యం బాగున్నట్టని అందరూ అనుకుంటారు. 2022 నవంబర్ మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతం పోలింగ్. దేశంలో ఎక్కడుంది అంత? అది ప్రజాస్వామ్యం మీద ప్రేమా? ఆ నెల రోజులు ఇక్కడున్నవాళ్లకు తెలుసు. పొద్దునే ఏ ఊరికి ఏ పార్టీ వాళ్లు ఏం తెచ్చారన్నదే ముచ్చట. చికెన్, మందు, పైసల కవర్. మాకు తక్కువ వచ్చింది, పక్క వాడకు ఎక్కువ వచ్చిందని కొట్లాటలు. అట్లాంటి లైన్లో నిలబడి నా ఓటు కూడా వాళ్ల ఓట్లలో కలపమంటారా? అమ్ముకున్న ఓటూ నా ఓటూ డబ్బాలో ఒకటే అయితే నాకు ఓటే వద్దు.

సంఘం లీడర్ (కల్వకుర్తి):

ఇంతసేపు చదివి ఊరుకున్నా. ఇక ఊరుకోలేను.

బత్తాయి తోట అన్నా, అమ్ముకున్న ఓటు అని ఎవరిని అంటున్నావు? నేను పొదుపు సంఘం లీడర్‌ని. మా సంఘంలో ఆడవాళ్లు ఎన్నికల్లో కవర్ తీసుకుంటారు. అవును, తీసుకుంటారు. నేనేం దాచట్లేదు. తీసుకోకపోతే ఏమవుతుందో నీకు తెలుసా? ఇంటికి తెచ్చినవాడు ఊళ్లో లీడర్. వద్దంటే అవతలి పార్టీ మనిషివని రాసుకుంటాడు. రేపు ఇందిరమ్మ ఇండ్ల లిస్టులో, పింఛన్ లిస్టులో, ఉపాధి పని దగ్గర వాడే ఎదురొస్తాడు. అందుకే తీసుకుంటాం. లోపలికి పోయి నచ్చినోళ్లకు వేస్తాం. కవర్ తీసుకున్నంత మాత్రాన బటన్ వాడి చేతిలోకి పోదు.

ఇంట్లో కూర్చోమంటావా? ఎవరికి వేశామన్నది ఎవరికీ తెలియదు. వేశామా లేదా అన్నది మాత్రం బూత్‌లో కూర్చున్న ఏజెంట్లందరికీ తెలుసు. పేరు పిలవగానే జాబితా మీద గీత గీస్తారు. మధ్యాహ్నం మూడింటికి గీత పడనివాళ్ల ఇండ్లకు ఆటో పంపిస్తారు. ఆటో వచ్చాక నేను రానని చెప్పే ధైర్యం నీకుంది, ఎందుకంటే నీకు వాళ్లతో పనిలేదు. మాకు ఉంది.

పాత ప్రిసైడింగ్ ఆఫీసర్:

అమ్మా, ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే. ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. దాన్ని ఇట్లా బహిరంగంగా సమర్థించడం మంచిది కాదు.

సంఘం లీడర్ (కల్వకుర్తి):

సార్, ఇచ్చినవాళ్లకు పడ్డ రోజు మాక్కూడా వేయండి. ఆ ముసలమ్మ వేలు వంకర అన్నారు, దండం పెట్టారు. ఆమె ఇంటికి కవర్ రాలేదని మీకు తెలుసా? తీసుకుని ఉంటే ఆమె గురించి ఇట్లాగే రాసేవారా?

బత్తాయి తోట:

అక్కా, పేదరికం అడ్డం పెట్టి అన్నీ కడిగేయొద్దు. మీరు కవర్ తీసుకుంటారు కాబట్టే కోట్లు ఉన్నవాడే నిలబడుతున్నాడు. పెట్టింది ఐదేళ్లలో గుంజుకుంటాడు. ఎక్కడి నుంచి? నా పరిహారం ఫైలు నుంచి, మీ ఇంటి బిల్లు నుంచి. ఈ దేశం మీలాంటివాళ్ల వల్లే ఇట్లా తయారైంది. నాయకులను తిట్టి లాభం లేదు.

సంఘం లీడర్ (కల్వకుర్తి):

ఇప్పుడు బయటపడింది అసలు మాట. నీకు కోపం నాయకుల మీద కాదు, మా మీద.

కోదాడ పోరడు:

కొంచెం శాంతించండి ఇద్దరూ. టాపిక్ ఓటు గురించి.

బత్తాయి తోట:

శాంతించను. అవును, మీ మీదే. చెప్తా వినండి.

మొన్న సర్పంచ్‌కు నా దోస్తు నిలబడ్డాడు. పరిహారం కొట్లాటలో మొదటి రోజు నుంచి టెంట్లో ఉన్న మనిషి. ఎండలో వానలో కూర్చున్నాడు, కేసులు పెట్టించుకున్నాడు, కోర్టు వాయిదాలకు సొంత పైసలతో తిరిగాడు. రూపాయి పంచనని చెప్పే నిలబడ్డాడు. టెంట్లో మాతో కూర్చున్నవాళ్లు, మాతో కలిసి అన్నం తిన్నవాళ్లు, పోలింగ్‌కు ముందు రాత్రి కవర్ తీసుకుని అవతలి వాడికి వేశారు. ఆ అవతలి వాడు ఎవరు? ధర్నా జరిగినన్నాళ్లూ కాంట్రాక్టర్‌కు టిప్పర్లు తిప్పినవాడు. నా దోస్తు కుటుంబానికి ఉన్న చుట్టాల ఓట్లు కూడా పూర్తిగా పడలేదు. లెక్కింపు దగ్గర ఆయన పక్కన నిలబడ్డది నేనే. ఆయన మొహం చూడలేకపోయా.

ఆ పోలింగ్ రోజే ఇంట్లో కూర్చున్నా. నా దోస్తుకు కూడా వేయలేదు, ఎందుకంటే ముందు రాత్రే అంతా అయిపోయిందని తెలుసు. ఆ ఊరి ముఖం చూడాలని లేదు. నాయకుడు మోసం చేస్తే తట్టుకున్నా. నా పక్కన కూర్చున్నవాడు చేస్తే ఎట్లా?

నల్లగొండ టౌన్:

సొంత దోస్తుకు కూడా ఓటేయలేదా? ఇదేం న్యాయం?

పుణే పాలమూరు:

అన్నా, మీ ఒక్క ఓటు ఆయనకు ధైర్యం ఇచ్చేది.

సంఘం లీడర్ (కల్వకుర్తి):

నేను కల్వకుర్తిలో ఉంటున్నాగాని మా అమ్మగారి ఊరు నల్లగొండ జిల్లాలోనే. అదీ ముంపు ఊరే. నువ్వు చెప్పేది వింటుంటే మీ రిజర్వాయరూ మాదీ ఒకటేమో అనిపిస్తోంది.

మా అమ్మ, నాయిన బత్తాయి తోటల్లో కూలీలు. వాళ్ల పేరు మీద గుంట భూమి లేదు. తోటలు పోతే రైతుకు పరిహారం వస్తది. ఎంత తక్కువైనా ఏదో ఒకటి వస్తది. కాయలు తెంపినవాళ్లకు, పాదులు తీసినవాళ్లకు, నీళ్లు కట్టినవాళ్లకు ఏమొచ్చింది? 2013 భూసేకరణ చట్టంలో, మూడేళ్లుగా ఆ భూమి మీద పని చేసి బతికిన కూలీల కుటుంబాలు కూడా బాధితుల కిందికే వస్తాయి. ఈ సంగతి నాకు సంఘం మీటింగ్‌లో ఒక లాయరమ్మ చెప్తే తెలిసింది. మా ఊరి టెంట్లో ఎవరైనా మా అమ్మకు చెప్పారా? టెంట్ ముందర కుర్చీల్లో పట్టాదారులు. వెనకాల వంట చేసింది మా అమ్మ, మా పెద్దమ్మ. డిమాండ్ ఒక్కటే, ఎకరం రేటు. ఆ రేటు కాస్త పెరగగానే టెంట్ పీకేశారు. మా అమ్మ వరంగల్ దిక్కు మిర్చి తెంపడానికి పోయింది.

మీ దోస్తు మంచివాడే కావొచ్చు. ఎన్నికకు ముందు ఆయన మా వాడలాంటి వాడకు ఎన్నిసార్లు వచ్చాడు? కూలీల పేర్లు రాసి కలెక్టరేట్‌లో ఇచ్చాడా? టిప్పర్లు తిప్పినవాడు వచ్చి అరుగు మీద కూర్చుని, పైసలిచ్చి, నీ కొడుక్కు టిప్పర్ క్లీనర్ పని ఇప్పిస్తానన్నాడు. అది మోసమే కావొచ్చు. వాళ్ల ఇంట్లో ఏం కావాలో అడిగినవాడు మాత్రం వాడే.

బత్తాయి తోట:

కూలీల సంగతి ఎత్తలేదన్నది నిజం కాదు. మా వినతిపత్రంలో కూలీలకు ఉపాధి అని ఉంది. ఎకరం రేటు తేలితే దాని వెనకే మిగతావి అడుగుదామనుకున్నాం. అన్నీ ఒకేసారి అడిగితే ఏదీ రాదని లాయర్ చెప్పాడు.

సంఘం లీడర్ (కల్వకుర్తి):

రేటు తేలింది కదా. తర్వాత అడిగారా?

బత్తాయి తోట:

మాలో సగం మందికి ఇంకా డబ్బులే అందలేదు. ఎవరు ఎవరికోసం అడగాలి?

అమ్రాబాద్:

అక్క చెప్పింది ఓటు చర్చకన్నా పెద్ద సంగతి.

పాత ప్రిసైడింగ్ ఆఫీసర్:

ఆ చట్టం కింద కూలీలు గ్రామసభలో అభ్యంతరం చెప్పుకోవచ్చు. పునరావాసం అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పరిహారం ఖరారు చేసే అవార్డు అయిపోయిందా లేదా అన్నది చూడాలి. అయితే చర్చ దారి తప్పుతోంది. బత్తాయి తోట గారు ఇంట్లో కూర్చోవడం వల్ల టిప్పర్ల మనిషికే లాభం జరిగిందన్నది నా మాట. దానికేమంటారు?

బత్తాయి తోట:

సార్, జవాబు ఇచ్చా. నా ఓటు పడ్డా ఆయన ఓడేవాడే. లాభనష్టాల లెక్కతో ఇంట్లో కూర్చోలేదు.

కోదాడ పోరడు:

756.

బత్తాయి తోట:

తమ్మీ, ఆ నంబర్ ఇక చాలు.

సంఘం లీడర్ (కల్వకుర్తి):

అన్నా, నీ మీద నాకు కోపం తగ్గలేదు. ఒకటి మాత్రం సూటిగా అడుగుతా. మా తమ్ముడు అమ్మగారి ఊళ్లోనే ఉంటాడు. కూలి పని చేసుకుంటూనే డిగ్రీ చదివాడు. జెడ్పీటీసీకి ఇండిపెండెంట్‌గా వేస్తానంటున్నాడు. భూమి లేని ముంపు కుటుంబాల పేర్లన్నీ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాడు, ఊరూరా తిరిగి. ఓడిపోతాడని వాడికీ తెలుసు. నామినేషన్ మీద ప్రతిపాదించేవాళ్ల సంతకం కావాలి, ఆ మండలం ఓటరే పెట్టాలి. పట్టాదారుల్లో ఎవరూ ముందుకు రావట్లేదు. మనది ఒకే మండలమైతే నువ్వు పెడతావా?

బత్తాయి తోట:

పైసలు పంచడా?

సంఘం లీడర్ (కల్వకుర్తి):

వాడి దగ్గర బస్సు కిరాయికే లేవు. పంచే సంగతి నువ్వు అడగక్కర్లేదు.

బత్తాయి తోట:

సంతకం వేరు, ఓటు వేరు. సంతకం గురించి ఆలోచిస్తా. ముందు ఆ నోట్‌బుక్‌లో మా ఊరి పేర్లు ఉన్నాయో లేదో చూపించమనండి.

సంఘం లీడర్ (కల్వకుర్తి):

ఉన్నాయో లేదో మీ ఊరి వాడకు పోయి నువ్వే అడుగు. పక్కనే కదా.

పుణే పాలమూరు:

సార్, ఫారం 6 ఫోన్లో నింపొచ్చా? ఊరికి పోవాలంటే పని పోతుంది.

పాత ప్రిసైడింగ్ ఆఫీసర్:

నింపొచ్చు తమ్ముడూ. ఊరి అడ్రస్ రుజువుకు మీ అమ్మగారి రేషన్ కార్డు కాకుండా ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ లాంటివి ఏమున్నాయో చూసుకో. బీఎల్‌ఓ (బూత్ ఓటరు జాబితా చూసే ఉద్యోగి) ఇంటికి వచ్చినప్పుడు మీ అమ్మ ఒక్కతే ఉంటుంది కాబట్టి ఆమెకు ముందే చెప్పి పెట్టు, నువ్వు ఊరు విడిచిపోలేదని ఆమె గట్టిగా చెప్పాలి.